వేలు పెట్టి చూపిన పిందెలు

మూడో మైలు క్యాంపు,
సింధనూరు దగ్గర,
3-11-1985

వదినకు,

క్షేమంగా చేరామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను గానీ, నిజానికి నేను సగమే చేరాను. గుంతకల్లులో బండి మారేటప్పుడు మా ఆయన మూటలు లెక్కపెట్టుకుని "అన్నీ వచ్చినట్టేనా?" అంటే "నేను తప్ప అన్నీ వచ్చాయి" అన్నాను. ప్లాట్‌ఫారం మీద నలుగురూ తిరిగి చూసేటట్టు నవ్వారు. దసరాకు పుట్టింటికెళ్ళి పదకొండు రోజులు పెరట్లోనే కూర్చుని వచ్చిన మనిషి బాధ ఆయనకేం తెలుస్తుంది!

కాలవ కింద పొలం కొనుక్కుని ఈ క్యాంపుకు వచ్చి పద్నాలుగేళ్ళయింది కదా, ఇప్పటికీ అదే దిగులు. ఇక్కడ ఏ చెట్టును చూసినా నాకంటే చిన్నదే. కాలవ ఉంది, వరి ఉంది, మన వైపు వాళ్ళు నలభై గడపల దాకా ఉన్నారు, మాటకు కరువు లేదు. పెరడే లేదు. వెనక తలుపు తీస్తే తిన్నగా పొలం.

మనింట్లో అయితే పొద్దున్నే బట్టలుతికే బండ మీద కూర్చుంటే చాలు, సినిమా అక్కర్లేదు. ఉడత నీ ఒత్తుల బుట్టలోంచి పత్తి పీక్కుని వేపచెట్టెక్కడం, నువ్వు "ఓసి దొంగముండా!" అని చీపురు విసరడం, ముంగిస ఏమీ ఎరగనట్టు గోడవారగా నడిచిపోవడం. దొండపాదులో రెండాకులు కలిపి కుట్టుకున్న ఆ బుల్లిపిట్ట గూడు నువ్వు చూపించకపోతే నాకు కనపడేదే కాదు. నాన్న పెట్టిన మట్టిగోడకు చెవి ఆనించి, గోడలో పొదిగిన కుండలో తేనెటీగల చప్పుడు కూడా విన్నాను, చిన్నప్పుడు విన్నట్టే. ఎసరు మరగబోయే ముందు సన్నగా మాట్లాడుతుందే, అట్లా ఉంది.

గుమ్మడిపాదు తలుచుకుంటే మాత్రం నవ్వొస్తోంది. గోడంతా ఎక్కేసి, ఎక్కడ చూసినా పిందెలే. నేను ఒకటి, రెండు అని వేలు పెట్టి లెక్కపెడుతుంటే చేతి మీద ఫట్‌మని కొట్టావు. "పిందెలకు వేలు చూపిస్తారటే ఎవరన్నా, కుళ్ళిపోవూ! వేలు కొరుక్కో!" అన్నావు. నేను కొరుక్కోలేదు. ఇరవైమూడు దాకా లెక్కపెట్టి గానీ ఊరుకోలేదు. నలభయ్యో పడిలో పడుతున్న మనిషి మీద చెయ్యి చేసుకున్నావని మా ఆయనతో చెప్పాను, "ఇంకోటి వెయ్యాల్సింది" అన్నారు.

నువ్వు నా కొంగున ముడేసిన గుమ్మడి గింజలు బూడిదలో కలిపి దాచాను. నాన్న నాటి విత్తనం ఈ రాష్ట్రం కాని రాష్ట్రంలో మొలుస్తుందో లేదో చూద్దాం. పిందెలు కాయలయ్యాక ఎన్నో రాయి.

నీ సుబ్బులు


రావిగుంటపాలెం,
పర్చూరు దగ్గర,
27-11-1985

సుబ్బులూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు ఎందుకు రాయలేదంటే కోపంతో. ఇప్పుడు కూడా తగ్గి రాస్తున్నాననుకోకు.

మీ అన్నయ్యకూ, మీ మేనల్లుడు అంకమ్మరావుకూ ఒంట్లో బాగానే ఉంది. పొలంలోనే బాగాలేదు. పత్తికి తెల్లదోమ పట్టింది. చెట్టు కదిపితే పేలపిండి చల్లినట్టు లేస్తోంది. ఆకంతా బంక కారి మసి పట్టింది. అంకమ్మరావు మూడు రోజులకోసారి మందు కొడుతున్నాడు. ఒక మందు కాదని ఇంకోటి, రెండూ కాదని రెండూ కలిపి. సాయంత్రం ఇంటికొచ్చి బావి దగ్గర తొట్టిలోనే పంపు కడుగుతాడు, ఆ పంపు తీసుకెళ్ళి గోడ మేకుకు తగిలిస్తాడు. వాడికి అన్నం పెట్టేటప్పుడు నేను ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంటున్నాను, వాడెట్లా తింటున్నాడో. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో ఇదే కంపు.

అసలు సంగతి. నువ్వు లెక్కపెట్టిన ఇరవైమూడు పిందెల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు. పిడికెడంత కాకుండానే పసుపుపచ్చగా మారి, మూతి మెత్తబడి, ముట్టుకుంటే ఊడొస్తోంది. కొత్తగా వచ్చిన పిందెలూ అంతే. నేను కాపురానికొచ్చిన పాతికేళ్ళలో ఈ గోడ మీద గుమ్మడి తప్పింది లేదు. వేలు కొరుక్కోమన్నానా లేదా? పెద్దవాళ్ళు ఊరికే చెప్తారా? పాదుకు పాత చెప్పు కట్టాను, సున్నంబొట్లు పెట్టిన కుండ బోర్లించాను, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశాను. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు, లేత పిందె ఎంత!

నీ మీద కోపం కాదు, నీ మొండితనం మీద.

ఇంకో మాట. మీ అన్నయ్య వెనక మట్టిగోడ తీయించి ఇటుకలతో ప్రహరీ కట్టిస్తానంటున్నాడు. ఈ వీధిలో మట్టిగోడ వాళ్ళం మనమే మిగిలామట, మిరపకాయల టిక్కీ బస్తాలు దించడానికి లారీ వెనక్కి రావాలంటే అడ్డమట. నాకూ మంచిదే అనిపిస్తోంది. ఏటా తాటాకు కప్పలేక, మెత్తలేక చస్తున్నాను.

అన్నయ్యగారికి చలికాలం దగ్గు మొదలైందా? వామాకు కషాయం ఇవ్వు.

మీ వదిన,
హనుమాయమ్మ


మూడో మైలు క్యాంపు,
12-12-1985

వదినకు,

నీ ఉత్తరం చదవగానే నిలుచున్న చోటే వేలు కొరుక్కున్నాను. నొప్పి పుట్టేదాకా కొరుక్కున్నాను. ఇంత ఆలస్యంగా కొరుక్కుంటే పనిచేస్తుందో లేదో శాస్త్రం తెలిసిన నువ్వే చెప్పాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని మా ఆయన ఎగతాళి. నాకు మాత్రం దిగులుగానే ఉంది. మీ అందరి నోటి దగ్గర కూర నేను కొట్టేసినట్టయింది. ఈసారి వస్తే కళ్ళకు గంతలు కట్టుకుని పెరట్లోకొస్తాను, సరేనా?

పిందెల సంగతి నవ్వులాటగా తీసుకున్నా, గోడ సంగతి తీసుకోలేకపోయాను. ఆ గోడ పెట్టేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. నాన్న చెరువుమట్టి తెచ్చి, ఊక కలిపి, తొక్కి, ఒక వరస పెట్టి ఆరేదాకా ఆగి, మళ్ళీ ఇంకో వరస. మూడో వరసలో, అంచు పగిలిన నేతికుండను అడ్డంగా పడుకోబెట్టి మట్టి పోశాడు. "ఎందుకు నాన్నా?" అంటే "పిచికలకు ఇల్లే" అన్నాడు. రెండేళ్ళు ఎదురుచూశాను, పిచికలు రాలేదు. మూడో ఏడు తేనెటీగలొచ్చాయి. అమ్మ పొగ పెట్టి తరిమేద్దామంది. నాన్న పెంకుముక్కతో కుండ మూతి మూసి, వేలు పట్టేంత కంత వదిలి, "వచ్చిన చుట్టాన్ని పొమ్మంటామా" అన్నాడు. ఏటా ఒక్కసారే తేనె తీసేవాడు, అదీ సగమే.

తొట్టిలో నాలుగు గడ్డిపరకలు వేసి ఉంచేవాడు, నీకు గుర్తుందా? ఈగలు వాటి మీద వాలి నీళ్ళు తాగేవి. పశువుల కుడితి తపేలా కూడా అందులో ముంచనిచ్చేవాడు కాదు. "ఆ నీళ్ళు వాటివి" అనేవాడు. ఒకసారి నేను పసుపు చేతులు కడిగితే తొట్టంతా తోడించి మళ్ళీ నింపించాడు.

ఈగలు నీళ్ళకు వస్తున్నాయా వదినా? ఆ ఒక్క మాట రాయి. అన్నయ్యతో గోడ గురించి నేను అడిగానని చెప్పు. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల గోడలూ కుండలూ అడుగుతోందని నవ్వుకోనీ.

నీ సుబ్బులు


రావిగుంటపాలెం,
20-1-1986

సుబ్బులూ,

ఈగలు వస్తున్నాయా అని అడిగావు. ఇక్కడ మనుషులం ఎట్లా బతుకుతున్నామో అడగలేదు. పత్తి మూడో వంతు కూడా రాలేదు. మీ అన్నయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. ఆ కోపం నా మీద, నా కోపం కోడిపెట్టల మీద.

నీ ఈగలు కనపడటం లేదు. పీడా పోయింది, బట్టలారేసుకునేటప్పుడు భయం లేదు. ఇక పాదు మీద నా ఆశ చావలేదు. తీగలో బలం గొడ్డుపూలకే పోతోందేమోనని, రోజూ తెల్లవారకముందే లేచి, వెనక పిందె లేని పూలన్నీ ఏరి ఏరి తెంచేస్తున్నాను. నెలరోజులూ ఈ వీధి ఆడపిల్లల గొబ్బెమ్మలన్నిటికీ మా పూలే. పిందె ఉన్న పూలను ముట్టుకోలేదు. అయినా ఆ పిందెలు నిలిస్తేనా! నాలుగు రోజులు ఆశపెట్టి రాలిపోతున్నాయి.

ఇంకో సంగతి రాయనా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నా దగ్గర దాపరికం లేదని నీకు తెలుసు. పక్కింటి పేరమ్మ గోడ మీదనుంచి చూసి "పిల్లల్లేని చెయ్యి పిందె మీద పెట్టింది కదే, ఇంకేం నిలుస్తాయి" అంది. నేను అనలేదు సుబ్బులూ. పేరమ్మ అంది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది కూడా. కానీ ఇరవైమూడు పిందెలు కళ్ళముందు రాలిపోయాక దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు. నీ దగ్గర అబద్ధం ఎందుకు?

ఇటుకలు వచ్చాయి. ఉగాది వెళ్ళాక మంచిరోజు చూసి గోడ తీసేస్తారు. నువ్వు అడిగావని చెప్పాను. "అంచు పగిలిన కుండ కోసం లారీని రోడ్డు మీద పెట్టనా?" అన్నాడు. మగవాళ్ళ మాటలు మనకెందుకులే.

హనుమాయమ్మ


మూడో మైలు క్యాంపు,
4-2-1986

వదినకు,

పేరమ్మ ఆ మాట అన్నందుకు నాకు బాధ లేదు. ఆమె ఎవరు నాకు? పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట అన్నవాళ్ళను లెక్కపెట్టాలంటే వేళ్ళు చాలవు. సీమంతాలకు పిలవడం మానేసినవాళ్ళు ఉన్నారు, పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టినవాళ్ళు ఉన్నారు. పురిటింటికెళ్తే బిడ్డ మొహం మీద చెంగు కప్పినవాళ్ళూ ఉన్నారు. పుట్టింటి పెరడు ఒక్కటే నన్ను ఆ చూపు చూడలేదనుకున్నాను.

అంకమ్మరావు పుట్టినప్పుడు నీకు జ్వరం వస్తే నలభై రోజులు వాడిని నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. అప్పుడు నా చెయ్యి మంచిదే.

పేరమ్మ అన్నదానికి కాదు, నీకు నోరు రాలేదు చూడు, దానికి ఏడ్చాను. ఊరందరి మీదా నోరున్న మనిషివి. సంతలో వంకాయలవాడి మీద నోరొస్తుంది, బస్సు కండక్టరు మీద నోరొస్తుంది.

నేనిక రాను. నా వేలు వల్ల మీ ఇంట్లో ఇంకేమీ రాలిపోనక్కర్లేదు.

గోడ మీ ఇష్టం. ఒక్కటే అడుగుతున్నాను, మళ్ళీ అడగను. పడగొట్టే ముందు ఆ కుండ ఒకసారి చూడు. ఈగలు లోపల ఉంటే, పొద్దుగూకాక కంతకు తడిగుడ్డ అడ్డం పెట్టి, కుండ కదలకుండా మట్టితో సహా తీయించి వేపచెట్టు కింద పెట్టించు. నాన్న చుట్టాలవి. నేనెటూ చుట్టాన్ని కానుగా.

సుబ్బరావమ్మ


రావిగుంటపాలెం,
2-3-1986

సుబ్బులూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి సగంలో ఆపేశాను.

ఆ మధ్యాహ్నమే నిచ్చెన వేసుకుని కుండ చూశాను. కంత దగ్గర సాలెగూడు కట్టింది. చెవి పెట్టాను. నువ్వు చెప్పిన ఎసరు చప్పుడు లేదు. పెంకు ఊడదీసి చూస్తే లోపల తెట్టె ఎండి నల్లబడి ఉంది, కింద ఈగలు గుట్టగా పడి ఉన్నాయి. చేటలోకి ఎత్తాను, చేట నిండింది. సగం చీమలు పట్టుకుపోగా మిగిలినవి అన్ని. గోడ వారంతా, తొట్టి చుట్టూ వెతికితే అక్కడా ఎండిపోయి ఉన్నాయి. రోజూ ఊడుస్తూ పప్పు పొట్టనుకుని ఎత్తి పారేశానే, అవి ఇవే.

"ఆ నీళ్ళు వాటివి" అని మామయ్యగారు అన్న మాట నీ ఉత్తరంలో చదివాను, చదివి పక్కన పడేశాను. అంకమ్మరావును పిలిచి చేట చూపించాను. "ఏరా, పంపు ఎక్కడ కడుగుతున్నావు రోజూ?" అన్నాను. వాడు చేట వంక చూశాడు, తొట్టి వంక చూశాడు. మేకు మీది పంపు తీసి చేలోకి పట్టుకెళ్ళాడు. ఆ రోజునుంచి అక్కడే, ఏ నీటికీ దగ్గర లేకుండా గొయ్యి తీసుకుని కడుగుతున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

చిన్నపిల్లలా కూర్చుని ఏడ్చాను. ఈగల కోసమా అంటే, ఈగల కోసమే అనుకో.

నా నోరు నీకు తెలుసు. ఊరి మీదకు వస్తుంది, రావాల్సిన చోట రాదు. ఆ మాట రాసిన చెయ్యి విరగ. నన్ను క్షమించమని అడగను, నేను రాసింది అంత తేలికగా మరిచిపోయే మాట కాదు.

కుండ ఉత్తదయిపోయింది కాబట్టి మీ అన్నయ్యకు గోడ తీయడానికి అడ్డేమీ లేదు. ఇటుకలు వాకిట్లోనే ఉన్నాయి. నేను ఏం చెప్పి ఆపను?

పిందెలు ఎందుకు రాలాయో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. నీ వేలు మాత్రం కాదు. ఇది ఎవరి ముందైనా అంటాను.

హనుమాయమ్మ


మూడో మైలు క్యాంపు,
14-6-1986

వదినకు,

నీ ఉత్తరం అంది మూడు నెలలు దాటినా జవాబు రాయలేదు. కాగితం తీయడం, మడిచి పెట్టేయడం. ఇప్పుడు కూడా పూర్తిగా కోపం పోయి రాయడం లేదు. నీకు చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది.

నువ్వు కొంగున ముడేసిన గింజల్లో ఎనిమిది మాఘమాసంలో ఇంటి వెనక నాటాను. ఎందుకు నాటానో నీకే చెప్తాను, మా ఆయనకు కూడా చెప్పలేదు. నా చెయ్యి గొడ్డుదో కాదో తేల్చుకుందామని నాటాను. మొలిచాయి, పాకాయి, పిందెలు వేశాయి. అక్కడి లాగే పసుపుపచ్చగా మారి రాలాయి వదినా! ఒకటి, రెండు, ఐదు. అయితే పేరమ్మ మాటే నిజమని రెండు రోజులు అన్నం తినలేదు.

కూరగాయలు తెచ్చే ఖైరున్నీసా చూసి "ఏమైందమ్మా?" అంటే పాదు చూపించాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "అరె అమ్మా, వీటికి షాదీ చెయ్యలేదా నువ్వు?" అంది. మర్నాడు తెల్లవారుతుండగా వచ్చి, పిందె లేని పూవు ఒకటి కోసి, రేకలు ఒలిచి, మధ్యలో కాడకున్న పసుపుపొడి చూపించింది. దాన్ని పిందె ఉన్న పూవు నడుమ మెత్తగా రాసింది. అంతే. "ఇది మగపూవు, అది ఆడపూవు. ఈ పొడి అక్కడికి చేరితేనే కాయ. మామూలుగా అయితే మక్ఖీలు, అవే ఈగలు, చేస్తాయి. ఇక్కడ వరికి మందు కొట్టారు కదా, మక్ఖీ ఏదీ?" అంది. వాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటినుంచీ చేస్తారట.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. తెలిసింది. పూవు నుంచి పూవుకు పొడి మోసే ఈగలు మన తొట్టిలో మందునీళ్ళు తాగి పోయాయి. ఎక్కడిదో దారిన పోయే ఈగ ఒకటీ అరా వచ్చినా దానికి పొడి దొరకకుండా, ఎందుకూ పనికిరానివని నువ్వు మగపూలన్నీ తెంచేశావు. నువ్వు గొడ్డుపూలన్నవి లేకపోతే కాయే లేదు వదినా. పిందె రాలింది అందుకు. నా కంటికీ కాదు, నా వేలికీ కాదు.

మర్నాటినుంచి నేనే చేశాను. పుల్లతో కాదు, వేలితోనే చేశాను. ఈ వేలికే పొడి అంటించుకుని పిందె పిందెకూ పెట్టాను. ఏడు కాయలు నిలిచాయి. మొదటి కాయ కోసిన రోజున దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

మీ దగ్గర కిందటేడు కాయ లేదు కాబట్టి విత్తనం కూడా ఉండి ఉండదు. ఈ కవరులో పెట్టినవి నాన్న నాటి విత్తనమే, నా చేతి కాయలోవి. తొలకరికి వెయ్యి. గోడ ఉంటే గోడ మీదికి, లేకపోతే మీ ఇటుకల మీదికి పాకించుకో. ఉందో లేదో నువ్వు రాయలేదు, నేను అడగనన్నాను కాబట్టి అడగను. మగపూలు తెంచకు.

సుబ్బులు


రావిగుంటపాలెం,
28-9-1986

మా ఇంటి ఆడపడుచు సుబ్బులుకు,

గింజలు అందాయని మూడు ముక్కల కార్డు రాసి మూడు నెలలుగా ఊరుకున్నాను. చేసి చూపిస్తే గానీ నీకు మొహం చూపించకూడదనుకున్నాను.

ముందు గోడ సంగతి. ఉగాది వెళ్ళిన ఎనిమిదో రోజున కూలీలు గునపాలతో వచ్చారు. నేను గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. "లేవే" అన్నాడు మీ అన్నయ్య. "గోడ అడుగు బొరియలో ముంగిస పిల్లల్ని పెట్టింది, బాలింతను లేపి వీధిలోకి తోలతావా, తోలు" అన్నాను. అబద్ధమేమో వంగి చూశాడు. మూడు పిల్లలు, కళ్ళు తెరవనివి. కూలీలు నవ్వుకుంటూ పోయారు. "ముంగిస పురిటికి ప్రహరీ ఆపుకున్న వెర్రివాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే" అని నెల రోజులు సణిగాడు. అవి పెద్దవై వెళ్ళేసరికి వానలొచ్చాయి. చివరికి ఇటుకలు మూడు పక్కలే సరిపెట్టి, లారీకి ఉత్తరం వైపు గేటు పెట్టించాడు. వెనక గోడ మామయ్యగారిదే ఉంది. ఈ ఏడు తాటాకు మీ అన్నయ్యే కప్పాడు. నేను అడగలేదు.

కుండ కడిగి, ఎండబెట్టి, మళ్ళీ అదే చోట పెట్టి మెత్తాను. వేలు పట్టేంత కంత, మామయ్యగారి కొలతే. తొట్టిలో గడ్డిపరకలు అంకమ్మరావు వేస్తున్నాడు. ఈసారి పత్తి సగానికి తగ్గించాం. ఊళ్ళో మందు కొడుతూనే ఉన్నారు, వాళ్ళను నేనేం ఆపగలను? మన తొట్టి వరకే నా రాజ్యం.

పాదు గోడంతా ఎక్కింది. ఇప్పుడు తెల్లవారగానే నా పని ఏమిటో తెలుసా, పూలకు పెళ్ళిళ్ళు చేయడం! కళ్ళాపి కూడా తర్వాతే. మొదట్లో సిగ్గేసింది, ఈ వయసులో ఇదేం పనని. మొన్న పేరమ్మ గోడ మీదనుంచి తొంగి చూసి "ఈ ఏడు ఎట్లా నిలిచాయే?" అంది. "మా ఆడపడుచు చెయ్యి" అన్నాను. "ఎవరూ, సుబ్బరావమ్మా?" అంది. "ఆ, సుబ్బరావమ్మే. దాని విత్తనం, దాని చెయ్యి. మీ సొరపాదు కూడా పిందె రాలుస్తోంది కదా, మంచిగా అడిగితే నీకూ చెప్తుంది" అన్నాను. కిందటి సంక్రాంతికి రాని నోరు ఇప్పుడొచ్చింది. ఆలస్యంగానే వచ్చింది సుబ్బులూ. పేరమ్మ ఇంటికెళ్ళాక కూడా నేను ఆగలేదు, ఊరంతా విన్నది.

నిన్న తొట్టి దగ్గర గడ్డిపరక మీద రెండు తేనెటీగలు వాలాయి. నీళ్ళు తాగి గోడ మీదుగా అటు వెళ్ళిపోయాయి. మన కుండ చూసుకోవడానికి వచ్చాయో, ఊరికే దాహానికి వచ్చాయో తెలియదు. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చెవి పెడుతున్నాను, మీ అన్నయ్య నన్ను చూసి తల కొట్టుకుంటున్నాడు. ఇంకా ఏమీ వినపడలేదు.

దసరా పద్నాలుగు రోజులుంది. ఉత్తరం చేరడానికి ఐదు రోజులు, మీరు రావడానికి రెండు. అన్నయ్యగారిని తొందరపెట్టు. అంకమ్మరావు చీరాల స్టేషనుకు వచ్చి నిలబడతాడు.

పిందెలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. ఇంట్లో ఎవర్నీ లెక్కపెట్టనివ్వలేదు. నువ్వు వచ్చి, గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఒక్కొక్కదానికీ వేలు పెట్టి పైకి లెక్కపెట్టాలి. పేరమ్మకు వినపడాలి. వేలు కొరుక్కున్నావంటే మాత్రం ఊరుకోను.

నీ కోసం చూస్తూ,
వదిన